ఆ దీపంలో నూనె ఎవరు పోస్తారు?

ఢిల్లీ నుంచి వీడియో కాల్ చేశా. కెమెరా అటువైపు తిప్పి మంట చూపించా.

"నానమ్మా, ఇదే! రాత్రీ పగలూ ఆరదు."

ఫోన్‌ని మొహానికి ఆనించుకుని చూడటం ఆవిడ అలవాటు. నాకు నుదురు, ఒక కన్ను తప్ప ఏమీ కనపడలేదు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"మరందులో నూనె ఎవులు పోత్తార్రా?"

నవ్వొచ్చింది. కానీ జవాబు తెలీదు. చుట్టూ ఇంతమంది ఫొటోలు తీసుకుంటున్నారు. ఆ డౌట్ వాళ్లలో ఎవరికీ వచ్చినట్టు లేదు. నాకూ రాలేదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. మాది వైజాగ్. ఆఫీసు పని మీద నాలుగు రోజులు నోయిడా వెళ్లాల్సి వచ్చింది. బయల్దేరే ముందు రోజు రాత్రి నానమ్మ పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఢిల్లీలో సిపాయిల పేర్లు సెక్కిన గోడ ఉందట కదా. టీవీలో సూపించారు. మా అన్న పేరుందేమో సూసి రా బాబూ" అంది.

ఆవిడకి ఒక అన్న ఉండేవాడని అప్పటిదాకా నాకు తెలీదు.

గూట్లో దీపం

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. వాటిలో పేలకుండా మిగిలిపోయిన బాంబుని మన బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. అప్పటికి నానమ్మకి నాలుగేళ్లు. పుట్టిల్లు బొబ్బిలి దగ్గర ఓ పల్లె. బాంబులు పడ్డాయని విని పట్నం జనమంతా మూటలు సర్దుకుని పల్లెలకి వచ్చేశారట. అందరూ ఇటు వస్తుంటే వాళ్లన్న అటు వెళ్లాడు, పట్టాళంలో చేరడానికి. ఆయనకి పంతొమ్మిదేళ్లు.

అన్న గురించి నానమ్మకి గుర్తున్నది ఒక్కటే. వెళ్లే రోజు భుజాల మీద ఎక్కించుకుని చెరువు గట్టు దాకా తీసుకెళ్లి, అక్కడ దింపి, "ఇక నువ్వు ఇంటికి పో" అన్నాడట. మొహం గుర్తులేదు. ఫొటో లేదు. భుజాల మీద నుంచి చూస్తే చెరువు ఎంత పెద్దగా కనపడిందో మాత్రం చెప్తుంది.

రెండు ఉత్తరాలు వచ్చాయి. వాళ్లమ్మకి చదువు రాదు కాబట్టి బళ్లో పంతులుగారు చదివి పెట్టారు. బాగున్నాను, బాగున్నారని తలుస్తాను, అంతే. ఎక్కడున్నాడో రాయలేదు. యుద్ధం రోజుల్లో సైనికుల ఉత్తరాలన్నీ సెన్సార్ అయ్యేవి, చోటు పేరు రాయనిచ్చేవాళ్లు కాదు. ఆ తర్వాత ఉత్తరం రాలేదు. పోయాడన్న టెలిగ్రామూ రాలేదు. పక్క ఊరి నుంచి తిరిగొచ్చిన ఒకాయన "బర్మా వేపు పంపారని విన్నా" అన్నాడు. ఇంట్లో వాళ్లకి దొరికిన సమాచారం అదొక్కటే.

అప్పటి నుంచి వాళ్లమ్మ వీధి వైపు గూట్లో దీపం పెట్టడం మొదలుపెట్టింది. సంధ్య దీపం అందరూ పెట్టేదే. కానీ ఈవిడది తెల్లారే దాకా వెలగాలి. మధ్యలో రెండుసార్లు లేచి వత్తి ఎగదోసి, నూనె పోసి పడుకునేది. "అర్ధరాత్రి బండి దిగి వత్తే ఇల్లు తెలియొద్దా?" అనేదట. నూనె దొరకని రోజుల్లో కూరలో తాలింపు మానేసింది గానీ దీపం మానలేదు. ఆవిడ 1968లో పోయింది. అంటే ఇరవై ఆరేళ్లు.

ఇంకో సంగతి. ఆవిడ బతికున్నంత కాలం కొడుక్కి కర్మ చెయ్యనివ్వలేదు, తద్దినం పెట్టనివ్వలేదు. "పోయాడని ఎవులు సెప్పారు?" అని అడిగేదట. ఆ ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆవిడ పోయాక ఆ సంగతి ఎత్తేవాళ్లే లేకపోయారు.

గోడ మీద వెతుకులాట

ఢిల్లీలో ఇండియా గేట్ పక్కనే ఉంటుంది నేషనల్ వార్ మెమోరియల్. సుమారు 40 ఎకరాలు. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించారు. మహాభారతంలో చక్రవ్యూహం లాగా నాలుగు వలయాలు: రక్షక చక్రం, త్యాగ చక్రం, వీరతా చక్రం, అన్నిటికంటే లోపల అమర చక్రం. మధ్యలో 15.5 మీటర్ల స్తంభం, దాని మొదట్లో మంట.

మన స్కూల్ పుస్తకాల్లో చూసిన అమర్ జవాన్ జ్యోతి ఇది కాదు. అది ఇండియా గేట్ కమాను కింద ఉండేది. నల్లరాతి దిమ్మె, దాని మీద తలకిందులుగా నిలబెట్టిన తుపాకీ, తుపాకీ మీద హెల్మెట్. 1971 యుద్ధం అయిన వెంటనే, 1972 జనవరి 26న ఇందిరా గాంధీ దాన్ని ప్రారంభించారు. 2022 జనవరి 21న ఆ మంటని ఒక కాగడాతో తీసుకొచ్చి ఇక్కడి మంటలో కలిపేశారు. దాన్ని ఆర్పేశారని కొందరు బాధపడ్డారు, ఆర్పలేదు కలిపామని కొందరన్నారు. ఆ గొడవ మీ టైమ్‌లైన్‌లోనూ వచ్చే ఉంటుంది.

త్యాగ చక్రంలో గోడల నిండా పేర్లే. ప్రారంభించిన రోజుకి 25,942. ఒక్కో గ్రానైట్ పలక మీద ఒక్కో పేరు, హోదా, యూనిట్. 2020 జూన్ 15న గల్వాన్‌లో చనిపోయిన మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పేరు ఇక్కడుంది. ఆ పేరు చదవగానే వార్తల్లో చూసిన ఆయన మొహం గుర్తొస్తుంది. పక్క పలకల్లో పేర్లకి ఏ మొహమూ గుర్తురాదు. అయినా చదువుకుంటూ నడిచా. గంటన్నర వెతికాక గానీ నా తెలివితక్కువతనం నాకు తెలిసిరాలేదు.

ఈ గోడ మీద ఉన్నవన్నీ స్వాతంత్ర్యం వచ్చాక పోయినవాళ్ల పేర్లు.

సరే, పక్కనే ఇండియా గేట్ ఉంది కదా అని అటు నడిచా. దాని మీద 13 వేలకు పైగా పేర్లు చెక్కి ఉంటాయి. కానీ అవి మొదటి ప్రపంచ యుద్ధం, 1919 అఫ్గాన్ యుద్ధం వాళ్లవి. కట్టడం 1931కే పూర్తయింది. మా తాత చేరింది 1942లో. ఒక గోడ ఆయనకి ముందే ఆగిపోయింది. ఇంకో గోడ ఆయన తర్వాత మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధంలో మన సైన్యం 25 లక్షల మంది. చనిపోయినవాళ్లు దాదాపు 87 వేలు. వాళ్ల పేర్లు ఈ రెండు చోట్లా లేవు. నానమ్మకి ఏం చెప్పాలో తెలీక వీడియో కాల్‌లో మంట చూపించా. దానికి ఆవిడ నూనె సంగతి అడిగింది.

ఆరని మంట అంటే షిఫ్టు డ్యూటీ

ఆ రాత్రి హోటల్ గదిలో కూర్చుని ఆ ప్రశ్నకి జవాబు వెతికా. నూనె కాదు, గ్యాస్. అమర్ జవాన్ జ్యోతి 1972 నుంచి 2006 దాకా మన వంటింట్లో వాడే ఎల్పీజీ మీద వెలిగింది. సిలిండర్ అయిపోయేలోగా ఇంకోటి తగిలించేవాళ్లు. 2006 నుంచి పైపు గ్యాస్ వచ్చింది. దిమ్మెకి నాలుగు మూలలా నాలుగు జ్యోతులు. రోజూ వెలిగేది ఒక్కటే. రిపబ్లిక్ డే, ఇండిపెండెన్స్ డేలకి నాలుగూ వెలిగించేవాళ్లు. మంటని కనిపెట్టుకుని ఉండే మనిషికి కమాను కిందే ఒక గది ఉండేది.

ఇది చదివి నాన్నకి ఫోన్ చేసి చెప్పా. నాన్న స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తారు. "ఇందులో వింతేముంది? మా గోదావరీ అంతేగా" అన్నారు. గోదావరి అంటే నది కాదు, బ్లాస్ట్ ఫర్నేస్ పేరు. మన ప్లాంట్‌లో మూడు ఫర్నేసులు: గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి కాలుతూనే ఉండాలి. చల్లబడితే లోపల కరిగిన ఇనుము గడ్డకట్టుకుపోతుంది. దీపావళి అయినా, తుపాను అయినా ఎవరో ఒకరు డ్యూటీలో ఉండాల్సిందే. "ఆరని మంట అనేది ఎక్కడా ఉండదురా. ఆరనివ్వని మనుషులుంటారు, అంతే" అన్నారు నాన్న. నైట్ డ్యూటీకి వెళ్తూ మాట్లాడుతున్నారు.

మా ఆఫీసులో సర్వర్ 99.9 శాతం టైమ్ నడిస్తే కేక్ కోస్తాం. అంటే ఏడాదిలో ఎనిమిది గంటల నలభై ఐదు నిమిషాలు ఆగినా ఫర్వాలేదన్నమాట. ఇరవై ఆరేళ్లు రాత్రికి రెండుసార్లు లేచిన ముసలమ్మ ముందు మా లెక్క ఎందుకు పనికొస్తుంది?

పారిస్‌లో ఆర్క్ డి ట్రయాంఫ్ కింద ఇలాంటి మంటే ఉంది. 1923 నవంబర్ 11న వెలిగించారు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆరున్నరకి దాన్ని మళ్లీ రగిలించే చిన్న కార్యక్రమం ఉంటుంది. మన ఇళ్లల్లో సంధ్య దీపం పెట్టే వేళకే!

పేరు లేని మనిషి, మనిషి లేని పేరు

పారిస్ మంట కింద ఉన్నది ఒక తెలియని సైనికుడి సమాధి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎవరివో గుర్తుపట్టలేని శవాలు లక్షల్లో మిగిలాయి. 1920 నవంబర్‌లో వాటిలోంచి ఎనిమిదింటిని ఎనిమిది పేటికల్లో వరసగా పెట్టారు. ఓ కుర్ర సైనికుణ్ణి పిలిచి చేతికి పూలగుత్తి ఇచ్చారు. అతను ఏ పేటిక మీద పెడితే అదే దేశమంతటికీ గుర్తు. ఆ పేటికలో ఉన్నది ఎవరో తెలీదు కాబట్టి, కొడుకు తిరిగిరాని ప్రతి తల్లీ "వాడు మావాడే కావచ్చు" అనుకోవచ్చు. ఆ ఏడాది నవంబర్ 11నే లండన్‌లోనూ ఇలాగే చేశారు. తర్వాత చాలా దేశాలు చేశాయి.

1970 ఆగస్టులో కొందరు ఫ్రెంచ్ మహిళలు ఆ సమాధి దగ్గరకే పూలదండ తీసుకొచ్చారు. సైనికుడికి కాదు, ఆ సైనికుడి భార్య కోసం! అతని కంటే ఆమె గురించి ఇంకా తక్కువ తెలుసు కదా అని. ఇది చదివినప్పుడు నాకు గూట్లో దీపమే గుర్తొచ్చింది.

ఇప్పుడు టెక్నాలజీ వచ్చింది. అమెరికాలోని ఆర్లింగ్టన్‌లో వియత్నాం యుద్ధపు తెలియని సైనికుడి సమాధిని 1998లో తెరిచి డీఎన్‌ఏ పరీక్ష చేశారు. అతను 1972లో విమానం కూలి చనిపోయిన మైకేల్ బ్లాసీ అని తేలింది. కుటుంబానికి అప్పగించారు. ఆ సమాధిని ఖాళీగానే ఉంచేశారు.

మరి మా తాత? వైజాగ్ వచ్చాక నా వీకెండ్లన్నీ దీనికే. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని ఒక సంస్థ ఉంది. 1917లో పెట్టారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన 17 లక్షల మంది వివరాలు వాళ్ల దగ్గరున్నాయి. వెబ్‌సైట్‌లో ఎవరైనా ఫ్రీగా వెతకొచ్చు. బర్మాలో చనిపోయి సమాధి దొరకనివాళ్ల పేర్లు రంగూన్ దగ్గర టాక్యాన్‌లో స్తంభాల మీద ఉన్నాయి, దాదాపు 27 వేలు. అదే చోట, మన ఆచారం ప్రకారం దహనం చేసిన వెయ్యిమందికి పైగా సైనికులకి వేరే స్మారకం ఉంది. సింగపూర్ క్రాంజిలో ఇంకో 24 వేల పేర్లు.

పేరు కొట్టి ఎంటర్ నొక్కితే వచ్చేస్తుందనుకున్నా. అక్కడే ఆగిపోయా. మా ఉత్తరాంధ్రలో సింహాద్రి అప్పన్న పేరు లేని ఇల్లు ఉండదు. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పారావు. తాతదీ అలాంటి పేరే. దాన్ని భర్తీ చేసుకున్న గుమస్తా ఇంగ్లిషులో ఎలా విని, ఎలా రాశాడో? ఒక పి నా, రెండా? చివర వై నా, ఐ నా? ఇంటిపేరు రాశాడా, రాస్తే ముందా వెనకా? ఊరు చూద్దామంటే కొన్ని రికార్డుల్లో తండ్రి పేరు, ఊరు, విశాఖపట్నం జిల్లా అని ఉంటాయి. ఎందుకంటే అప్పటికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు పుట్టలేదు. చాలావాటిలో అవేమీ ఉండవు. నంబరు, పేరు, తేదీ. అంతే.

స్పెల్లింగ్ కాస్త అటూ ఇటూ అయినా పట్టుకునే చిన్న ప్రోగ్రామ్ రాశా. వరసగా పేర్లు వచ్చాయి. ఒక్కోటీ తీసేసుకుంటూ వస్తే చివరికి ముగ్గురు మిగిలారు. ముగ్గురూ ఆయనే కావచ్చు. ఎవరూ కాకపోవచ్చు. సమాధిలో ఉన్నవాడికి పేరు లేదు. గోడ మీద ఉన్న పేరుకి మనిషి లేడు. ఈ రెంటినీ కలపడానికి నా దగ్గర ఏ కోడూ లేదు.

మీ ఇంట్లోనూ ఇలా పట్టాళానికి వెళ్లి తిరిగిరాని పెద్దవాళ్లు ఉంటే నాదొక సలహా. ముందు ఇంటిపేరు, తండ్రి పేరు, పాత తాలూకా పేరు రాసిపెట్టుకోండి. స్పెల్లింగ్ నాలుగైదు రకాలుగా మార్చి వెతకండి. రెజిమెంట్ తెలిస్తే సగం పని అయినట్టే. అన్నిటికంటే ముందు, చెప్పగలిగిన ముసలివాళ్లు ఉండగానే అడగండి. నేను ఎనభై ఏళ్లు ఆలస్యంగా మొదలుపెట్టా.

మన ఊరి సముద్రంలో

ముగ్గురి పేర్లూ చదివి వినిపిస్తే నానమ్మ రెండుసార్లు చెప్పించుకుంది. "ముగ్గురికీ అమ్మలుంటారు కదా" అంది. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు నాన్నని పిలిచి "మహాలయ అమావాస్యకి నువ్వు మీ మావకి నీళ్లొదులు" అంది. నాన్న ఆశ్చర్యపోయారు. "మా అమ్మ ఉన్నన్నాళ్లూ ఒప్పుకోలేదు. నేనూ పోతే అడిగేవోళ్లే ఉండరు" అంది.

ఆ రోజు నాన్న నైట్ షిఫ్ట్ దిగి వచ్చారు. పొద్దున్నే ముగ్గురం ఆర్కే బీచ్‌కి వెళ్లాం. అప్పటికే చాలామంది ఇసకలో కూర్చుని ఉన్నారు. పంతులుగారు గోత్రం అడిగారు, చెప్పాం. పేరు అడిగారు, చెప్పాం. "ఎప్పుడు పోయారు?" అన్నారు. ముగ్గురం మొహాలు చూసుకున్నాం.

"తిథి తెలీదండీ" అన్నారు నాన్న.

"అందుకేగా ఈ అమావాస్య" అన్నారాయన, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా.

తిథి తెలియనివాళ్లందరికీ ఏడాదిలో ఒక రోజు! తర్పణం చివర్లో, తమకంటూ ఎవరూ లేనివాళ్ల కోసం కూడా కాసిని నీళ్లు వదలమన్నారు. పారిస్, లండన్ అంటూ నేను ఎక్కడెక్కడో వెతికినది మా నాన్న చేతిలోంచే ఇసకలోకి జారింది. మిగతా ఇద్దరి పేర్లు కూడా చెప్పొచ్చా అని నానమ్మ అడిగింది. పంతులుగారు ఆలోచించి, చెప్పమన్నారు.

తర్వాత బీచ్ రోడ్డు మీద మెల్లగా నడిపించుకుంటూ విక్టరీ ఎట్ సీ దగ్గరకి తీసుకెళ్లా. 1971 విజయానికి గుర్తుగా 1996లో కట్టింది. కాలేజీ రోజుల్లో "ఎక్కడున్నావ్?" అంటే "విక్టరీ ఎట్ సీ దగ్గర" అనేవాళ్లం. అంతకుమించి దాని గురించి పట్టించుకుంది లేదు. ఏటా డిసెంబర్ 4న, నేవీ డే నాడు, తూర్పు నౌకాదళం పెద్దలు ఇక్కడే పూలగుచ్ఛాలు ఉంచుతారు. ఆ యుద్ధంలోనే డిసెంబర్ 9న డయ్యూ దగ్గర మన ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు. వాళ్లకి సముద్రమే సమాధి.

ఇక్కడ, మన ఎదురుగా ఉన్నది ఘాజీ. విక్రాంత్‌ని ముంచడానికి వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ అది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక మన హార్బర్‌కి దగ్గర్లోనే ఘాజీ పేలి మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దెబ్బకి అని మనం, లోపలి పేలుడు వల్ల అని వాళ్లు అంటారు. 2017లో వచ్చిన సినిమా మీరందరూ చూసే ఉంటారు. సినిమా అయిపోయాక లైట్లు వేస్తే ఇంటికి వెళ్లిపోతాం. అందులోని 90 మందికి పైగా మనుషులు మాత్రం అక్కడే ఉండిపోయారు, మనం మురీ మిక్చర్ తింటూ చూసే నీళ్ల కింద.

ఇదంతా నానమ్మకి చెప్పా. శత్రువులని కూడా చెప్పా. ఆవిడ ఏమీ అనలేదు. స్మారకం వైపు కాకుండా సముద్రం వైపు తిరిగి, "బర్మా ఎటేపురా?" అని అడిగింది.

ఫోన్ తీసి మ్యాప్ చూశా. ఆర్కే బీచ్‌లో నిలబడి సూర్యుడు వచ్చే వైపు చూస్తే సుమారు 1,350 కిలోమీటర్ల దూరంలో దాదాపు ఎదురుగా రంగూన్. మధ్యలో దాదాపు అంతా నీళ్లే. ఒకప్పుడు మన తీరం నుంచి అక్కడికి స్టీమర్లు నడిచేవి. "ఎదురుగానే నానమ్మా" అన్నా.

"ఇంత దగ్గరా?" అంది.

సాయంత్రం ఇంట్లో దీపం పెట్టే వేళకి నన్ను పిలిచింది. చేతులు వణుకుతున్నాయని సీసా నాకు అందించింది.

"తెల్లారే దాకా ఉండాలి. నిండా పొయ్యి" అంది.

పోశా. రాత్రి రెండింటికి ఆఫీసు నుంచి అలారం మోగింది, ఆన్‌కాల్ డ్యూటీ. సర్వర్ సంగతి చూసి, లాప్‌టాప్ మూసి, వంటింట్లోకి వెళ్లి సీసా తెచ్చి ఇంకాస్త పోసి పడుకున్నా.